అవ్వ పాటలు పోలేదు

మేడిపల్లి

రాకేశన్నా,

నువ్వు వాలీబాల్ జట్ల పేర్లు ఎక్కించడానికి ఫోన్‌లో చెరిపేసిన షీట్‌లో మన అవ్వ నాట్ల పాటలున్నాయి. గొంతు ఆపరేషన్‌కు ముందు ఆమె పాడుతుంటే నేను విని రాసి ఎక్కించినవి. ఇప్పుడు ఆమెకు మాట రాదు. నిన్ను అడిగితే, "పాత పాటలే గదా చెల్లె, పోతె పోనియ్" అన్నావు.

నేను పోనివ్వలేదు. ఫోన్ బ్రౌజర్‌లో డెస్క్‌టాప్ సైట్ పెట్టి, చెరిపేయకముందటి రూపాలు దాచి ఉండే వెర్షన్ హిస్టరీ వెతికి, పాత షీట్ వెనక్కి తెచ్చాను. నీ జట్ల పేర్లు వేరే షీట్‌లో పంపాను.

నిన్న అవ్వ పక్కన కూర్చుని మొదటి పాట పాడాను. ఒక మాట తప్పు రాసుకున్నానట. నా మోకాలి మీద ఒక్కటేసి ఆపింది, సరైన మాట తన వేలితోనే ఫోన్‌లో దిద్దింది.

ఇకమీదట నువ్వు ఆ పాటలు చదవగలవు గానీ మార్చలేవు. అవ్వ మాత్రం మారుస్తుంది.

నీ చెల్లె