చెల్లికి తొడగని ఆకుపచ్చ గాజులు

మంగుళూరు

అమ్మకు,

నీ పెద్ద కూతురు నాగమణి నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ మేమిద్దరం క్షేమం. నాన్న మోకాలి నొప్పి తగ్గిందా? చెల్లి కాళ్ళ వాపులు ఎలా ఉన్నాయి? రామాపురంలో వేట బాగుందని విన్నాం, సంతోషం.

ఇక్కడ వాన తెరిపి ఇవ్వడం లేదు. మీ అల్లుడు బోటెక్కితే పది రోజులకు గానీ రాడు. నేను రొయ్యలు ఒలిచే షెడ్డుకు వెళ్తున్నాను. ఈ లావు ఎర్రన్నం ఇంకా సయించడం లేదు. ఎవరైనా వస్తుంటే కాస్త గోంగూర పచ్చడి పంపు. కోపం వచ్చినా నాలుక మారదు కదా.

కోపం ఎందుకో నీకు తెలుసు. "సీమంతం ఇంకా అనుకోలేదమ్మా, అనుకున్నాక ఫోన్ చేస్తాలే" అన్నావు. మర్నాడే పెద్దమ్మ కూతురు వాట్సాప్‌లో పెట్టిన ఫొటోలు చూశాను. ఊరంతా ఉంది, నేను తప్ప. నేను పంపిన ఆకుపచ్చ గాజులు చెల్లి చేతులకు లేవు. పెద్దమ్మను నిలదీస్తే నసిగి నసిగి చెప్పింది. "మీ అమ్మే వద్దందే. కడుపు పోయినదాని చెయ్యి సీమంతం గాజులకు తగలకూడదంది."

బాపట్ల ఆసుపత్రిలో మూడుసార్లూ నా పక్కన కూర్చున్నది నువ్వే. అత్తగారు అంటే పడ్డాను. నువ్వూ అదే మాట అంటావని అనుకోలేదు.

పోయిన వారం ఇక్కడి డాక్టరమ్మ దగ్గరకు వెళ్ళాను. ఒంట్లో రోగాలతో పోరాడే కణాలుంటాయట. వాటిలో కొన్ని గర్భసంచిలో బిడ్డ కుదురుకోవడానికి చోటిస్తాయట, రక్తం అందేలా చూస్తాయట. ఆ పని సరిగ్గా సాగకపోతే కొందరికి మొదటి నెలల్లోనే పోవచ్చట. నాకు జరిగింది అదేనా అంటే, "ఖాయంగా చెప్పలేను, మాకూ అంతా తెలియదు" అన్నారు వచ్చీరాని తెలుగులో. చేపల గంప మోశాను, అందుకా అని అడిగాను. "కాదమ్మా. నీ తప్పేమీ లేదు. ఇది ఒకరి నుంచి ఒకరికి అంటుకునేది అసలే కాదు."

మీ అమ్మకు ఎప్పుడైనా ఇలా అయిందా అని కూడా అడిగారు. లేదన్నాను. ఎందుకైనా మంచిదని పెద్దమ్మను అడిగితే, నాకు ముందు నీకు రెండు పోయాయని చెప్పింది. నేను ఏడుస్తుంటే ఆ మూడుసార్లూ నా తల నిమిరావు. నాకూ అయిందే అని ఒక్క మాట అనలేకపోయావా అమ్మా?

చెల్లి పురుటికి వస్తున్నాను. ఆ గాజులు పారేయకు, నేనే తొడుగుతాను. నాన్నకు, పెద్దమ్మకు నమస్కారాలు, చెల్లికి ముద్దులు. ఇంత కోపంలోనూ నీ దీవెన అడగకుండా ఉత్తరం ముగించడం నాకు చేతకావడం లేదు.

ఆ ఫొటో మళ్ళీ చూశాను. చెల్లికి మొదటి గాజు తొడుగుతున్నది నువ్వే.

ఇట్లు,
నీ కూతురు
నాగమణి