లాలాగూడ దొర రైఫిల్

తార్నాక,
12 నవంబరు 1968

చిరంజీవి సత్తయ్యకు అమ్మ దీవెనలు. ఇక్కడ నేను, మీ బాపు బాగున్నాం. మీ బాపుకు పట్టిన జలుబు వదిలింది గాని, జలుబు పేరు చెప్పి మొదలుపెట్టిన మిరియాల పాలు మాత్రం ఆయన్ను వదల్లేదు. భిలాయిలో నువ్వు కూడా కులాసాగా ఉన్నావని, చలి మొదలయింది కాబట్టి రగ్గు కప్పుకునే పడుకుంటున్నావని అనుకుంటున్నాను. కప్పుకోకపోతే ఈ రోజు నుంచి కప్పుకో.

నీ ఉత్తరం అందింది. నాలుగు పేజీల నిండా ప్రశ్నలే! అక్కడ ఫోర్‌మన్ నిన్ను అడగాల్సినవన్నీ నువ్వు నన్ను అడిగినట్టున్నావు. అన్నిటికీ చెబుతాను, తొందరపెట్టకు. మెస్సులో పొద్దూమాపూ రొట్టెలేనని రాశావు. చింతకాయ తొక్కు సీసాలో పెట్టి సిద్ధంగా ఉంచాను, అటు వచ్చేవాళ్లెవరైనా దొరికితే పంపుతాను. మన వీధి చివర కొత్తగా కిరాణా దుకాణం పెట్టారు. ఉప్పు కోసం హబ్సిగూడ దాకా నడిచే పని తప్పింది.

ఇక నలభై నాలుగేళ్ల ఆడమనిషికి తుపాకీ ఏమిటని నీ రూములోవాళ్లు నవ్వుతున్నారట. నవ్వనీ. సెలవులకు వాళ్లను ఇక్కడికి తీసుకురా, యాభై మీటర్ల అవతల పావలా బిళ్ల కంటే చిన్న చుక్క పెట్టి కొట్టమంటాను. అప్పుడు చూద్దాం ఎవరు నవ్వుతారో. నేనేమైనా పులివేటకు పోతున్నానా? పాకిస్తాన్ యుద్ధమప్పుడు మా లేడీస్ హాస్టలు ఎన్.సి.సి. అమ్మాయిలకు తోడుగా, మేట్రన్‌నని నన్ను తుపాకీ నేర్పే క్యాంపస్ రేంజికి పంపారు. నేను వేపచెట్టు కింద కూర్చుని స్వెట్టర్ అల్లుకుంటుంటే హవల్దార్ యోహాను వచ్చి, “ఊకెనే కూసున్నరు గదమ్మా, మీరు గూడ ఒకటి కొట్టి చూడుండ్రి” అన్నాడు. కొట్టాను. ఇంకొకటి ఇచ్చాడు. అదీ కొట్టాను. ఆయన పోయి గురిపెట్టే అట్ట తెచ్చి, దాన్ని చూసి, నన్ను చూసి, “ఇంతకు ముందు ఎక్కడ నేర్సిండ్రు?” అని అడిగాడు. ఎక్కడ నేర్చుకుంటాను, వంటింట్లోనా? ఆ రోజు నుంచి నాకు ఆదివారమంటే రేంజే. ఇదంతా నీకు తెలుసు. నీ రూములోవాళ్లకు చదివి వినిపిస్తావని మళ్లీ రాశాను.

ఈ యేడు రాష్ట్ర జట్టులోకి ఆడవాళ్లను కూడా తీసుకుంటామన్నారు. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు అన్నం సహించలేదంటే నమ్ము. చిన్నప్పటి నుంచి ఒకరికి కూతురని, ఒకరికి భార్యనని, నీకు తల్లినని చెప్పుకున్నాను, అవన్నీ నాకు ఇష్టమే. కాని ఒక్కసారి నా పేరు నా చేతిపనితో ఒక కాగితం మీద పడాలని ఆశ పుట్టింది. అయితే క్యాంపస్ రైఫిల్ క్లబ్బులోని మంచి రైఫిళ్లు విద్యార్థులకే ఇస్తారు. మాలాంటి స్టాఫు పోటీకి రావాలంటే సొంతది తెచ్చుకోవాలి.

అందరూ పొగిడే జర్మనీ రైఫిల్ ధర విని మీ బాపు రేడియో ఆపి, “మళ్ల చెప్పు” అన్నాడు. మళ్లీ చెప్పాక రేడియో పెట్టుకున్నాడు. దాని కథ అంతటితో సరి. తర్వాతది మన సర్కారు ఫ్యాక్టరీలో చేసిన కొత్త రైఫిల్. తేలిక, నాజూకు, అప్పు చేయకుండా కొనొచ్చు. నువ్వు కూడా ఉక్కు మంచిదని దానికే ఓటు వేశావు. మూడోది లాలాగూడలో ఒక రిటైరైన రైల్వే గార్డు దగ్గర ఉన్న పాత ఇంగ్లీషు రైఫిల్. అది నీకన్నా పెద్దది, నాకన్నా కొంచెం చిన్నది. ధర కొత్తదానికి రెండు ఆకులు ఎక్కువే తప్ప తక్కువ కాదు. అయినా నేను దాన్నే కొన్నాను. మరి పాతదాన్ని ఎందుకు కొన్నావమ్మా, నీకేమైనా మతి పోయిందా అని నువ్వు మూడుచోట్ల అడిగావు. మీ రాజలింగు మామ నీకు కార్డు రాసి చాడీలు చెప్పాడని అర్థమయింది. దానికి జవాబు ఈ ఉత్తరంలోనే ఉంది గాని, ఇంకొంచెం కిందికి రావాలి. ముందు మీ మామ చేసిన ఘనకార్యం విను.

దసరాకు మామ ఊరి నుంచి వచ్చాడు. ఎద్దుల్ని కొనడంలో తన అంత మొనగాడు నాలుగూళ్లలో లేడని ఆయన నమ్మకం కదా. “నువ్వు బేరానికి పనికిరావక్కా, నేనొస్త” అని కండువా దులుపుకుని నా వెంట బయల్దేరాడు. ఆ గార్డు దొర పేరు హోగన్. ఆయనా ఆయన భార్యా ఆస్ట్రేలియాలో ఉన్న కూతురి దగ్గరికి వెళ్లిపోతున్నారు. ఇంటినిండా కట్టిన పెట్టెలే. మంచం మీద దుప్పటి పరిచి రైఫిల్ పెట్టాడు. మీ మామ దాని చుట్టూ తిరిగాడు. వంగి చూశాడు. ఎత్తి చూశాడు.

“అబ్బో, గిదేందక్కా గింత బరువున్నది! పొద్దంత మోస్తె భుజం పడిపోతది. గా కొత్తదే నయం,” అన్నాడు.

“మోసేది కాదు అయ్యా, పండుకొని కొట్టేది,” అన్నాడు దొర. ముప్పై ఏళ్లు రైళ్లమీద తిరిగినవాడు, తెలుగు బాగానే వచ్చు. “బరువుంటేనే కదలకుండ ఉంటది.”

“మరి ఎందుకు అమ్ముతున్నవ్ దొరా? తన్నుతదా?”

“చిన్న తూటా అయ్యా. తన్నదు.”

“మరి ఇంకేమన్న ఐబు, లోపమున్నదా? నాకు చెప్పు, ఎవలకు చెప్ప.”

నేను నవ్వాపుకోలేక కిటికీవైపు తిరిగాను. తిరిగి చూసేసరికి మామ దొర చెయ్యి పట్టుకుని పైన కండువా కప్పేశాడు! మన సంతల్లో పశువు ధర పక్కవాళ్లకు తెలియకుండా కండువా కింద వేళ్లు నొక్కి చెప్పుకుంటారు కదా, అది. పాపం దొరకు అదేమిటో తెలియదు. మామ వేళ్లు నొక్కుతుంటే ఆయన కళ్లు మూసుకుని, తల వంచుకుని భక్తిగా నిలబడ్డాడు. మా ఇళ్లలో కొనేముందు చేసే ప్రార్థనేమో అనుకున్నాడట. చివరికి మర్యాదకు మామ చెయ్యి మొత్తం పట్టుకుని గట్టిగా ఊపాడు.

“అయిపోయిందక్కా బేరం,” అని మామ కండువా తీశాడు, మొహం వెలిగిపోతూ.

“ఏ బేరం?” అన్నాడు దొర.

అప్పుడు నేను కలగజేసుకుని, ఒకసారి ఎత్తి చూస్తానన్నాను. నేలమీద దుప్పటి పరిచాడు. చీర కుచ్చిళ్లు సర్దుకుని పడుకుని, రైఫిల్ భుజానికి ఆనించాను. చాలాసేపు అట్లాగే ఉండిపోయాను. లేచేసరికి దొర నన్నే చూస్తున్నాడు. ఇందాక నేను ఏ చేత్తో టీ తాగానో, ఇప్పుడు ఏ భుజానికి ఆనించానో రెండూ గమనించాడని నాకు తెలిసిపోయింది. “దీనికి కుడి ఎడమ లేదమ్మా, ఎవరెట్ల పట్టుకున్నా ఒకటే,” అని మాత్రం అన్నాడు. తర్వాత మామ వైపు తిరిగి, “పందులు కొట్టేవాళ్లు ఇద్దరు అడిగారు, ఇయ్యలేదు. ఈమెకు ఇస్తా. మీ వేళ్లు ఎంత చెప్పినయో అంతే,” అన్నాడు.

మీ మామ మొహం చూడాల్సింది! సంతలో మొదటిసారి నొక్కేది ఎప్పుడూ సగం ధరే. దాన్ని ఎవరూ ఒప్పుకోరు, ఒప్పుకుంటారని ఎవరూ నొక్కరు. “గట్లెట్ల దొరా, మొదటి మాటకే సరే అంటె ఎట్ల? నువ్వు కాదనాలె, నేను పెంచాలె!” అని వాపోయాడు. దొర కాదనలేదు. మామ సిగ్గుతో తనకు తానే పెంచాడు. దొర దానికీ సరేనన్నాడు. మామ మళ్లీ పెంచాడు. ఇంకాసేపు ఆగితే ఇల్లు అమ్ముకోవాల్సి వస్తుందని నేనే చెయ్యి అడ్డం పెట్టాను. నాలుగూళ్ల మొనగాడు తనతో తానే బేరమాడి ఓడిపోయాడు! అందుకే నీకు చాడీలు రాశాడు.

లైసెన్సు విచారణకు పోలీసు జవాను ఇంటికొచ్చి, “సారున్నరా? తుపాకి అడిగిండట,” అన్నాడు. మీ బాపు, “నేను గాదు, ఆమె,” అని నన్ను చూపించాడు. అతను నన్ను, నా చేతిలోని గరిటెను చూసి, “పంటకు పందులొస్తున్నయా అమ్మా?” అన్నాడు. తార్నాకలో పందులా! అయినా మంచివాడే, మంచి మాటే రాసుకుపోయాడు.

ఇక దాటవేయడానికి నా దగ్గర ఏమీ మిగల్లేదు. కూర్చుని చదువు సత్తయ్యా. నా కుడి కన్ను చెడిపోయింది.

భయపడకు, మొత్తం చదువు. ఎండాకాలం చివర ఒక ఆదివారం రేంజిలో చూస్తుంటే నల్లచుక్క కనిపించలేదు. అట్ట గాలికి పడిపోయిందని అరిచాను. “అక్కడనే ఉన్నదమ్మా,” అన్నాడు యోహాను. చుట్టూ అంతా కనిపిస్తుంది, నేను సూటిగా చూసే చోట మాత్రం మబ్బు. కంటి డాక్టరు దీపం వేసి చూసి, లోపలి పొర మీద మచ్చ పడిందని, దానికి ఆపరేషన్ లేదని చెప్పాడు. ఎడమ కన్ను శుభ్రంగా ఉందని, ఆరునెలలకోసారి చూపించుకుంటే చాలని కూడా చెప్పాడు. ఆ రోజు క్యాంపస్ బస్టాపులో కూర్చుని ఏడ్చాను. ఇంటికొచ్చి ఎవరికీ చెప్పలేదు. చెబితే మీ బాపు రేంజి మానమంటాడు, నువ్వు ఉద్యోగం మానమంటావు. నాకు రెండూ కావాలి.

అందుకే ఎడమ భుజానికి మార్చుకున్నాను. అన్నం పెట్టిన చెయ్యి, రాసే చెయ్యి ఒకటి, ఇప్పుడు మీట నొక్కాల్సిన చెయ్యి ఇంకొకటి. వేళ్లు పసిపిల్లల వేళ్లయిపోయాయి. ఒకరిని అడిగి ఆ కొత్త రైఫిల్‌తో అభ్యాసం చేసి చూశాను. తూటా వేసేటప్పుడు తీసి మూయాల్సిన దాని గొళ్లెం కుడివైపు ఉంటుంది. ఎడమ భుజానికి పెట్టినవాళ్లు ప్రతి తూటాకూ దానికోసం అడ్డంగా చెయ్యి చాపాలి. అప్పటిదాకా కుదురుకున్న ఒళ్లంతా కదిలిపోతుంది. తూటాలు ఒకటి ఉప్పల్‌కు, ఒకటి ఉస్మాన్‌గంజ్‌కు పోయాయి. వయసు మీదపడుతోందని అందరూ జాలిపడ్డారు. దొర రైఫిల్‌కు ఆ గొళ్లెమే లేదు. కింద ఒక కొక్కెం ఉంటుంది, దాన్ని దించితే తూటా గది తెరుచుకుంటుంది, పైనుంచి తూటా వేసి మూస్తే అయిపోయింది. చెంప ఆనే చోటు కూడా రెండువైపులా ఒకటే. నాకు కావలసింది కొత్త ఉక్కు కాదు బిడ్డా, నా ఎడమ కంటికి అడ్డం చెప్పని రైఫిల్.

లాలాగూడ నుంచి వచ్చిన సాయంత్రం మీ బాపు కూడా నీలాగే అడిగాడు, పాతది ఎందుకని. మామ ఊరికి పోయాక చెప్పేశాను. ఆయన లేచి, అరచేత్తో తన కుడి కన్ను మూసుకుని ఇల్లంతా నడవడం మొదలుపెట్టాడు. తలుపుకు గుద్దుకున్నాడు. నీళ్ల బిందె తన్నుకున్నాడు. తర్వాత నా దగ్గరికొచ్చి, “ఇన్ని దినాలు గిట్ల నడుస్తున్నవా? నాకు చెప్పొద్దా ప్రమీలా?” అన్నాడు. రేంజి మానెయ్యమంటాడని ఎదురుచూశాను. “బరువు రైఫిల్ నువ్వెట్ల మోస్తవ్, రేంజిదాక నేను తెస్త,” అన్నాడు. లైసెన్సు వచ్చి రైఫిల్ ఇంటికి చేరినప్పటి నుంచి ప్రతి ఆదివారం లైబ్రరీ పుస్తకం చంకలో, రైఫిల్ భుజాన పెట్టుకుని నాతో వస్తున్నాడు.

మొన్న ఆదివారం రాష్ట్ర పోటీలు జరిగాయి. మొదటి పది తూటాలు చుక్క చుట్టూ చెదిరాయి. తర్వాత చెంప ఆనింది, ఊపిరి కుదిరింది, చుట్టూ ఎవరున్నారో మరిచిపోయాను. ఆడవాళ్లలో మూడోదానిగా వచ్చాను. జట్టుకు నలుగురిని తీసుకున్నారు. బోర్డు మీద “శ్రీమతి వి. ప్రమీల” అని రాశారు. మీ బాపు దాన్ని ఒకటికి మూడుసార్లు పైకి చదివాడు, నాకు చూపు మొత్తం పోయినట్టు. తిట్టాను. తిడుతూనే ఏడ్చాను.

నీకు ముందు చెప్పనందుకు కోపమొస్తే రానీ, ఉత్తరం రాయడం మాత్రం మానకు. నన్ను చూడటానికి ఉరుకులు పరుగుల మీద రావద్దు, సెలవు పెట్టొద్దు, శ్రద్ధగా పని నేర్చుకో. వచ్చినప్పుడు మాత్రం స్టేషన్‌లో నా ఎడమపక్క నుంచి రా. కుడిపక్కన నిలబడితే ఎవరో మనిషని తెలుస్తుంది గాని మొహం ఆనవాలు పట్టలేను, అమ్మ నన్ను చూడలేదని చిన్నబుచ్చుకుంటావేమో.

ఇట్లు,
నీ రాక కోసం ఒంటికంటితో చూస్తున్నా రెండు కళ్లంత ప్రేమగా చూస్తున్న
మీ అమ్మ
ప్రమీల