ముద్దలు గాల్లో ఆగిన సాయంత్రం

పైలోకపు బ్యాండు మేళంలో క్లారినెట్ వాయిస్తున్న బాబాయ్‌కి,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఆఫీసు పని మీద కాకినాడ నుంచి హైదరాబాదు వచ్చిన నేను, ఈ సాయంత్రం హైటెక్ సిటీలోని ఓ పెద్ద రెస్టారెంటులో, నీ ఆత్మశాంతి కోసం, కంపెనీ ఖర్చుతో మటన్ బిర్యానీ తిన్నాను. వేదిక మీద ఒకాయన శాక్సఫోన్ వాయిస్తున్నాడు. వినేవాళ్లు లేరు. మా మేనేజర్ బొక్క కొరుకుతూ కంప్యూటర్ సర్వర్ల గురించి ప్రవచనం చెబుతున్నాడు.

ఇంతలో కరెంటు పోయింది. స్పీకర్లు, కీబోర్డు, ఏసీ అన్నీ ఆగిపోయాయి. శాక్సఫోన్ ఒక్కటే ఆగలేదు.

"ఏంది భాయ్, జనరేటర్ ఎయ్యరా?" అని ఎవరో అరిచారు.

"గమ్మునుండన్నా, జర విననియ్యి!" అన్నాడు మా మేనేజర్.

లైట్లు వచ్చాక చూద్దును కదా, హాలంతటిలో ఒక్క చెయ్యీ కదలడం లేదు. ముద్దలు గాల్లోనే ఉన్నాయి.

"నేను వాయిస్తుంటే పెళ్లి బంతిలో అందరూ తినడం ఆపేశార్రా" అని నువ్వు చెప్పినప్పుడల్లా ఇంటిల్లిపాదీ నవ్వేవాళ్లం.

రేపు వెళ్లి పిన్నికి ఇదంతా చెబుతాను. నమ్మదు, పడీ పడీ నవ్వుతుంది. ఆ వెక్కిరింతలన్నీ ఇకనుంచి నీ బదులు నేను పడతాను, బాబాయ్.

నీ చిన్నోడు