మా ప్రియ చెప్పింది అది కాదు

కొడకండ్ల దగ్గర మన తండా నుంచి

నా కొడుకు మాన్‌సింగ్‌,

చెల్పూర్ కరెంటు ప్లాంటు పనిలో నువ్వు బాగున్నావనుకుంటాను. నేను చెబుతుంటే అంగన్‌వాడీ నిర్మల రాస్తోంది. నేను తిట్టిన చోటల్లా పెన్ను ఆపుతోంది. ఆపకు, రాయి అన్నాను.

"చెవులు వినపడని పిల్లకు పెద్ద చదువెందుకే, మాన్పించి తోలుకొస్తా" అని ఫోన్‌లో అన్నావు. యూనివర్సిటీలో సాయం బాగుందని నీ బిడ్డ ప్రియే చెప్పిందట, అయినా పరీక్ష తప్పిందట, కనుక తప్పు దానిదేనట. నీకు ఆ మాట చెప్పిన యూనివర్సిటీ పెద్దమనుషుల నోళ్లు పడిపోను! ఆరోజు నేను అక్కడే ఉన్నాను, విను.

పిల్లను చూసొద్దామని వెళ్లాను. వికలాంగులైన పిల్లలకు సాయం సరిగా అందుతోందా అని పైనుంచి తనిఖీకి వచ్చారు. ఏడాదంతా పంతులు బోర్డు వైపు తిరిగి మాట్లాడితే, ప్రియ ఆయన వీపు చూస్తూ కూర్చుంది. పాఠాన్ని సైగల్లో చెప్పే మనిషి కావాలంటే లేడన్నారు. ఆ పొద్దు మాత్రం ఇస్త్రీ చొక్కాతో ఒకడు ఊడిపడ్డాడు!

తనిఖీకి వచ్చిన భావన మేడం "అన్నీ బాగున్నాయా?" అని అడిగింది. ప్రియ చేతులు లేపింది. ఎంతసేపు చెప్పిందనుకున్నావు! మెడ నరాలు తేలాయి, కళ్లు నిండాయి. ఆ సైగలాయన పక్కనున్న యూనివర్సిటీ పెద్దసారు మొహం చూసి, "బాగున్నాయంటోంది మేడం" అన్నాడు.

ఆయనేమన్నాడో దానికి వినపడదు కదా! తన మాట చేరిందనుకుని, పిచ్చిపిల్ల, కళ్లు తుడుచుకుని మేడంకు దండం పెట్టింది. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఏంది నాయినా, పిల్ల గంతసేపు చెప్తే నీ నోట్లకెళ్లి గంతేనా వచ్చేది? కడమ మాటలు మింగినవా?"

"అవ్వా, నీకు సైగలేం తెలుస్తయి, జర ఊకో" అన్నాడు పెద్దసారు.

"బాగుందని చెప్పెటోళ్లు ఏడుస్తరా సారూ? గది తెలుసుకోనీకి చదువు కావాల్నా?"

నన్ను బయటికి పంపి, బాగుందనే రాసుకున్నారు. ఆ అబద్ధాన్నే నువ్వు నమ్మావు. ప్రియను మాన్పించడానికి నువ్వు వస్తే గేటుకు అడ్డం కూర్చునేది నేనే.

నీ యాడి,
గంగి

మాన్‌సింగ్‌,

కోపం తగ్గలేదు, అయినా ఈ సంగతి నీకు తెలియాలి. నిన్న భావన మేడం నన్నూ ప్రియనూ పిలిపించింది. ఆరోజు నా అరుపు విని కూడా ఊరుకున్నందుకు మనసున పట్టలేదట. ఈసారి తనే సంగీత అనే సైగలమ్మను తెచ్చుకుంది. అప్పుడు చెప్పిందే మళ్లీ చెప్పమంది. ప్రియ చేతులాడుతుంటే సంగీత మాటమాటా పలికింది.

తన గోడు చెప్పుకుంటుందనుకున్నాను. కాదు బిడ్డా!

"మా క్లాసు ఇమ్మానుయేల్‌కు చూపు లేదు. పరీక్షలో అతను చెబుతుంటే రాసే మనిషిని పంపలేదు. వాళ్ల నాయిన చదువు మాన్పించాడు. మీరు ఉన్నవాళ్లనే అడుగుతున్నారు. పోయినవాళ్లను అడగరా?"

మేడం ఇమ్మానుయేల్ పేరు కాగితం మీద రాసుకుంది. సోమవారం నుంచి క్లాసులో సంగీత ఉంటుందన్నారు. ఉంటుందో లేదో వెళ్లి నేనే చూస్తాను.

ఆదివారం నేనూ ప్రియా ఇమ్మానుయేల్‌ను మళ్లీ చదువుకు పంపమని వాళ్ల నాయినను అడగడానికి మహబూబాబాద్ పోతున్నాం. నువ్వూ అక్కడి బస్టాండుకు రా. వాళ్ల నాయిన ఆడవాళ్ల మాట వినడట. బిడ్డ చదువు మాన్పించబోయిన తండ్రివి, నువ్వు చెబితే వింటాడు.

నీ యాడి,
గంగి