మూడో సీసా

లెత్రాస్ కనుమకు దిగువన ఉన్న లా నెబ్లినా గ్రామంలో, చెల్లెలు అర్సెలియా ఇంటి ముందుగదిలో మంచం మీద ఉన్న, కీర్తిశేషులు పాస్తోర్ కిసేనో కుమారుణ్ని, వయసు డెబ్భై ఒకటి, వృత్తి డ్రైవరు, పేరు ఆన్సెల్మో కిసేనో మరులాందా అయిన నేను రాయిస్తున్న వీలునామా ఇది. నా ఊపిరితిత్తులు మూలబడ్డాయి గాని బుర్ర నిక్షేపంగా ఉంది. ఇందులోని మాటలు చెప్పమని నన్నెవరూ బలవంతపెట్టలేదు, బతిమాలలేదు, తాగించలేదు. ఆ చివరి మాటను ప్రత్యేకంగా రాయమని దస్తూరి రాస్తున్న బడిపంతులు ఎవేలియో తబారెస్ గారికి చెప్పాను. ఈ ఊరు నన్ను రెండేళ్లుగా తాగుబోతనే పిలుస్తోంది మరి.

ఇంతకుముందు నేను వీలునామా ఏదీ రాయలేదు. దీన్ని మూసిన వీలునామాగా చేయాలని నా నిర్ణయం. కవరులో పెట్టి, మంగళవారం కింది ఊరినుంచి నోటరీ వచ్చినప్పుడు లక్కముద్ర వేయించి, నేను పోయాక మాత్రమే తెరవాలి. అంతవరకు లోపలి సంగతి నాకూ, పంతులుగారికీ, దేవుడికీ తప్ప ఇంకొకరికి తెలియరాదు. దీన్ని అమలు జరిపే బాధ్యత కూడా పంతులుగారిదే.

1. నన్ను కొండమీది శ్మశానంలో మా అమ్మ పక్కన సమాధి చేయాలి. నాన్న పక్కన కూడా చోటుందని ఎవరైనా అంటే, ఆయన బతికుండగానే నా పక్కన కూర్చోలేదని చెప్పండి.

2. నా పేరున ఉన్న 1979 మోడల్ రెనో నాలుగు కారు, మీగడరంగుది, స్టెప్నీతో, జాకీతో, సీట్ల కింద దొరికే సమస్తంతో సహా నా మేనకోడలు, అంటే అర్సెలియా కూతురు యానెత్ ఒసోరియోకు దఖలు పరుస్తున్నాను. దాన విక్రయాది సర్వహక్కులతో అది అనుభవించవచ్చు. కానీ ఈ కింది షరతులు పాటించాలి. లేకపోతే బానెట్ కింద కూర్చుని సతాయిస్తాను.

యానెత్, ఈ బండిలో ఉత్తనీళ్లు పోయకు. మన కనుమ మీద తెల్లవారుజామున నీళ్లు గడ్డకట్టి రేడియేటరు పగులుతుంది. అవే నీళ్లు మధ్యాహ్నం ఎక్కుడులో తొందరగా మరిగిపోయి ఇంజను హెడ్డు వంకరపోతుంది. ఎత్తుకు పోయేకొద్దీ నీళ్లకు ఓపిక తక్కువ. ఆకుపచ్చ కూలెంటే పోయాలి. కొత్తకార్లకు పోసే ఎర్రది ఎంత ఖరీదైనదైనా వద్దు, మన పాత రేడియేటరు అతుకులకు అది పడదు. రెండూ కలిపావా, లోపల జావకట్టి దారులన్నీ మూసుకుపోతాయి. రెండేళ్లకోసారి పాతది దించెయ్. ఇంజను పూర్తిగా చల్లారాకే మూత ముట్టుకో, వేడి మీద తిప్పితే మొహం మిగలదు. కింది గొట్టం విప్పి, తేటనీళ్లు వచ్చేదాకా కడుగు. తర్వాత కూలెంటు సగం, బ్యాటరీ నీళ్లు సగం. హీటరు తెరిచి, పైన ఉన్న చిన్న స్క్రూ వదులుచేసి, బుడగలు ఆగేదాకా గాలి పోనీ. తొందరపడితే ఆ గాలే నిన్ను కొండ మలుపులో దింపేస్తుంది.

ఇంకొకటి. చేదు కలిపిన కూలెంటు దొరుకుతుంది, వెతికి అదే కొను. మిగిలింది దాని డబ్బాలోనే ఉంచు. చచ్చినా ఇంకో సీసాలో పోయకు. పై షరతులన్నీ మరిచిపోయినా ఇది మరవకు. కారణం ఐదో అంశంలో ఉంది.

3. నా పానాలు, స్క్రూడ్రైవర్లు, జల్లెడగరాటు ఇవన్నీ నా చెల్లెలి భర్త, కీర్తిశేషుడు గిల్దార్దో ఒసోరియో మెకానిక్ షెడ్డులోనే ఉంచేయాలి. వాటిలో సగం అతనివే. నేను తిరిగివ్వలేదు, అతను అడగలేదు.

గిల్దార్దోతో నా తగాదా ఊరందరికీ తెలుసు గనుక ఇక్కడ దాచేదేమీ లేదు. నేను ఊళ్లో లేని రోజు చూసి నా బండిలోంచి థర్మోస్టాట్ పీకేసి, కుళాయినీళ్లు పోసి, "బావా, నీ ముసలిదానికి ఇక జన్మలో జ్వరం రాదు, వైద్యం చేసేశా" అన్నాడు. ఈ చుట్టుపక్కల మెకానిక్కులందరికీ ఉన్న జబ్బే అది. వేడెక్కే బండికి థర్మోస్టాట్ పీకడం, తలనొప్పి వస్తే తల తీసేయడం వీళ్లకు ఒకటే. ఆ వారమంతా ఇంజను వెచ్చబడనే లేదు, హీటరు పనిచేయలేదు, పెట్రోలు మంచినీళ్లలా తాగింది. నాకు ఒళ్లు మండిపోయి టైర్ల కొట్టు ముందు అందరూ వింటుండగా, "నీ చావు నా చేతుల్లోనే రాసిపెట్టుందిరా!" అని అరిచాను. "అయితే తొందరగా కానీ బావా, అన్నానికి టైమవుతోంది" అన్నాడు వాడు. అందరూ నవ్వారు. అది 2007 నవంబరు ఆఖరు గురువారం.

4. నేను కప్పుకునే ఉన్ని రువానా, దిండు పక్కనున్న రేడియో, ఈ ఇంట్లో నాకున్న సగం వాటా నా చెల్లెలు అర్సెలియా కిసేనోకు. ఆ రువానా తడిసిన గొర్రె కంపు కొడుతుందని రోజూ తిడుతుంది గాని, చలేస్తే వచ్చి అదే కప్పుకుంటుంది. నేను కళ్లు మూసుకుని నిద్రపోతున్నట్టు నటిస్తాను. ఆ కాసేపు నాకు చాలా బాగుంటుంది.

5. ఇప్పుడు అసలు సంగతి. ఆ తగాదా తర్వాతి ఆదివారం, డిసెంబరు రెండో తేదీ. కొత్త థర్మోస్టాట్ వేసి, ఈ ఇంటి పెరట్లోనే నేను బండికి కూలెంటు మారుస్తున్నాను. వంటింట్లో అర్సెలియా క్రిస్మస్ ప్రార్థనలకు పుదీనా మిస్తేలా చేస్తోంది. సోంపుసారాలో పంచదార పాకం, పుదీనా, ఆకుపచ్చ రంగు. నేను కలిపిన కూలెంటు కొంత మిగిలింది. కనుమ మీద తిరిగే డ్రైవర్లందరం మిగిలిన కూలెంటును ఖాళీ సారాసీసాల్లో పోసి సీటు పక్కన పెట్టుకుంటాం, దారిలో తగ్గితే పోసుకోవడానికి. మొదటినుంచీ అంతే, ఎవరూ ఆలోచించరు. అర్సెలియా కడిగి బోర్లించిన సీసాల్లోంచి మూడు తీసుకుని, నింపి, ఆమె బల్ల చివరనే పెట్టి, బండిలో గాలి తీయడానికి వెళ్లాను.

తిరిగొచ్చేసరికి ఆ చివర ఒక్కటే ఉంది. బల్లనిండా అదే రంగు సీసాలు. అర్సెలియా కొవ్వొత్తి మైనం కరిగించి మూతులు మూస్తోంది. "ఇక్కడ నావి మూడు పెట్టాను" అన్నాను. "నీవేంటి, నావేంటి అన్నయ్యా, ఎవరివైనా పోయేది మీ ఇద్దరి గొంతుల్లోకేగా" అని నవ్వింది. మిగతా రెండూ గిల్దార్దో షెడ్డుకు పట్టుకుపోయి ఉంటాడనుకున్నాను. నా కూలెంటు ఎత్తుకుపోవడం వాడికి అలవాటే.

మర్నాడు వాడు వాంతులు చేసుకుంటూ తూలాడు. తాగి తూలడం కొత్త కాదు గనుక ఎవరూ పట్టించుకోలేదు. మంగళవారం పొద్దున షెడ్డులో బల్ల కింద నా సీసా ఖాళీగా కనబడింది. మూతి దగ్గర వేలుపెట్టి నాలుకకు రాసుకున్నాను. తియ్యగా ఉంది, సారా మంట లేదు, అది నా కూలెంటే. గంట తర్వాత నా బండిలోనే వాణ్ని కింది ఊరి ఆస్పత్రికి దింపాం. "ఏం తాగాడో ఎవరికైనా తెలుసా?" అని డాక్టరమ్మ అడిగింది. "ఏముందమ్మా, రోజూ తాగేదే" అంది అర్సెలియా. డాక్టరమ్మ నా వైపు కూడా చూసింది. వాడి చావు నా చేతుల్లో ఉందని బజారులో అరిచి అప్పటికి ఐదు రోజులు. నేను నోరు మెదపలేదు.

బుధవారం వాడు పోయాడు. కిడ్నీలు చెడిపోయాయన్నారు, సారా వల్ల అన్నారు, అందరూ నమ్మారు. ఆ ఖాళీ సీసాను నేను లోయలోకి విసిరేశాను. కావాలని పోశానని ఎవరైనా అనుకుంటే అనుకోనివ్వండి. నేను పోయలేదు. కానీ ఆ రోజు ఒక్క మాట చెప్పి ఉంటే డాక్టరమ్మ ఏదైనా చేసేదేమో. ఆ 'ఏమో' దగ్గరే రెండేళ్లుగా బతుకుతున్నాను. వాడంటే నాకు ఇష్టమని వాడు పోయాకే తెలిసింది, సిగ్గులేని మనిషిని.

6. షెడ్డంతా వెతికాను. మూడో సీసా అక్కడ లేదు. అంటే అర్సెలియా దానికీ మైనం పూసి, మిస్తేలాలతో పాటు నడవలోని అలమరలో పెట్టేసింది. ఈ మంచం మీంచి ఆ అలమర తలుపు కనిపిస్తుంది.

అప్పటినుంచి ఈ ఇంట్లో ఏ సీసా తెరిచినా మొదటి గుక్క నాది. పుట్టినరోజైనా, ప్రార్థనైనా, చుట్టమొచ్చినా సరే, నేను రుచిచూసి తల ఊపాకే మిగతావాళ్లకు పోయనిచ్చాను. "మొదటి కప్పు మీ అన్నకు పోయకపోతే ఇల్లు కూలిపోద్దిలే" అని వచ్చినవాళ్లు వేళాకోళం చేశారు. అర్సెలియా తలవంచుకుంది. వాళ్లకు తెలియదు, నేను ప్రతిసారీ నాలుక మీద మంట తగలాలని మొక్కుకున్నానని. ఇన్నాళ్లూ మంటే తగిలింది. ఆ సీసా ఇంకా లోపలే ఉంది.

ఇప్పుడు నేను లేవలేను. పోయిన వారం యానెత్‌ను చూసి రమ్మన్నాను. "అన్నీ ఒకేలా ఉన్నాయి మామయ్యా, అన్నిటికీ మైనమే" అంది. ఆ సీసాలన్నీ నేనే కొంటాను, పారబోయమని అర్సెలియాను అడిగాను. "పారబోయడానికా అంత కష్టపడి చేసింది? నోరుమూసుకుని పడుకో. అవన్నీ నీ శవజాగారానికే దాచా, నువ్వు లేకుండా హాయిగా తాగుతాం" అంది. నవ్వుతూనే అంది, తర్వాత వంటింట్లోకి పోయి ఏడ్చింది.

కావున నేను పోయిన తర్వాత ఈ కవరు తెరిచి, ఆ అలమరలోని సీసాలన్నిటినీ...

7. ఇక్కడ పంతులుగారు పెన్ను పక్కన పెట్టారు. "ఆన్సెల్మో గారూ, తొందరగా తెరవాలన్నా ఈ కవరు తెరవడానికి పది పదిహేను రోజులు పడుతుంది. ముద్ర విప్పడానికి నోటరీ మళ్లీ రావాలి, సాక్షులు రావాలి. మీకు జాగారం చేసేది మీరు పోయిన రాత్రే. ఆపైన తొమ్మిది రాత్రులు ప్రార్థన. అప్పుడు మొదటి గుక్క ఎవరు తాగుతారు?" అన్నారు.

ఈ సంగతి నాకు తెలియదని అబద్ధమాడను. చాలా రోజులుగా తెలుసు. చెల్లెలి మొహం చూడకుండా చచ్చిపోవాలని, తెలియనట్టు ఉన్నాను.

కావున పైన మూసిన వీలునామా అన్న మాట కొట్టివేయవలసింది. నోటరీ కోసం ఆగనక్కర్లేదు. నోటరీ లేని ఊళ్లో ఐదుగురు సాక్షులను కూర్చోబెట్టి, రాసినవాడు బతికుండగానే బిగ్గరగా చదివితే చెల్లుతుందని పంతులుగారు చెప్పారు. ఈ రోజే, ఇప్పుడే, ఈ గదిలోనే చదవండి. అర్సెలియాను నా కాళ్ల దగ్గరి కుర్చీలో కూర్చోబెట్టండి. ఒక్క వాక్యం కూడా మింగవద్దు.

అర్సెలియా, నీ మొగుణ్ని ముందు నా సీసా చంపింది, తర్వాత నా మౌనం చంపింది. ఇది విన్నాక నన్ను మంచంతో సహా రోడ్డు మీద పెట్టించినా నాకు అభ్యంతరం లేదు. కానీ నన్ను తిట్టకముందే లేచి అలమర ఖాళీ చేయి.

పైదంతా నేను చెప్పగా రాసిందే.

తేదీ: 2009 ఆగస్టు 8, శనివారం
(సంతకం) ఆన్సెల్మో కిసేనో మరులాందా

దస్తూరి, అమలుదారు ఎవేలియో తబారెస్ చేర్చిన వివరం: ఈ కాగితాన్ని మధ్యాహ్నం మూడు గంటలకు ఐదుగురు సాక్షుల ఎదుట మొదటినుంచి చివరిదాకా చదివాను. చదవడం అయ్యాక అర్సెలియా గారు అలమరలోని సీసాలన్నీ పెరట్లోకి తెచ్చి, మైనం ఒలిచి, ఒక్కొక్కటీ వాసనచూసి పారబోశారు. అన్నిటిలోనూ పుదీనా, సారా వాసనే వచ్చింది. ఈలోగా సాక్షులు వరుసగా సంతకాలు చేస్తున్నారు. "ఇవేనా అమ్మా, ఇంకా ఉన్నాయా?" అని యానెత్ అడిగింది. అర్సెలియా గారు ఖాళీ అలమర వైపే చూస్తూ, "పొద్దున ఒకటి రుబియేలా వాళ్లింటికి పంపాను. వాళ్లమ్మాయి పురుడు చూడ్డానికొచ్చేవాళ్లకు పోస్తారని" అన్నారు.

సాక్షులు:
1. (సంతకం) ఓనోఫ్రె గిరాల్దో
2. (సంతకం) బెలార్మీనా సులువాగా
3. (సంతకం) ఎర్నీ తోరో
4. (వేలిముద్ర) లిసిమాకో అగుదేలో
5. రుబియేలా కస్తాన్యో. సంతకం చేయలేదు. పెన్ను కింద పడేసి ఇంటికి పరుగెత్తింది.