ఎడమచేతికి వచ్చిన సున్నా

హామిల్టన్,
ఫిబ్రవరి 3

చిరంజీవి ధాత్రికి కాశీవిశ్వనాథం ఆశీస్సులు.

ఇక్కడ కుడిచెయ్యి క్షేమం. ఎడమచెయ్యి సంగతి రాయడానికే ఈ ఉత్తరం. ఇంట్లో ఏం జరిగిందో వారం వారం డైరీ రాసివ్వమంది మీ క్లినిక్. నాకు డైరీ రాయడం రాదు, ఉత్తరమైతే వస్తుంది. అక్కడి ఫిజియోథెరపిస్టుల్లో తెలుగు చదివేది నువ్వొక్కదానివే. మా అమ్మాయి రూప కన్నా చిన్నదానివి కాబట్టి ‘నువ్వు’ అంటున్నా, ఏమీ అనుకోకు.

స్ట్రోక్ వచ్చిన దగ్గర్నుంచి ఎడమచెయ్యి పిడికిలి బిగించుకుని కూర్చుంది. చొక్కా బొత్తాలు కూడా మీ ఆంటీ జానకమ్మే పెట్టాలి. అదొక్కటే నాకు చచ్చేంత చిన్నతనం. సూదులూ కోతలూ లేకుండా బాగుచేస్తామన్నారని మీ దగ్గర చేరాను. ఆ వైబ్రేషన్ మిషన్ రోజూ పావుగంట ముంజేతి మీద పెడుతున్నా.

స్టీల్ ప్లాంటులో ఇరవై ఏడేళ్లు ఇన్‌స్పెక్షన్ చేసినవాణ్ణి, పరీక్షించందే ఏదీ నమ్మను. చలిలోకి వెళ్లొస్తే పిడికిలి ఇంకా బిగుస్తోంది. మీ ఆంటీ కేకలేస్తే మరీను. ఆవలిస్తే మాత్రం వేళ్లు వాటంతటవే విచ్చుకుంటున్నాయి! ఇదేం విడ్డూరమమ్మా? నాలుగు దొంగ ఆవలింతలు తీసి చూశా, ఒక్క వేలూ కదల్లేదు.

మొన్నటి పరీక్షలో నాకు సున్నా అని కాగితం ఇచ్చావు. బిగుతు సున్నాకి దిగిందని మీ ఆంటీ సేమ్యా పాయసం చేసింది.

ఇట్లు,
సగం పిడికిలి విప్పిన కాశీవిశ్వనాథం

తా.క.: పాయసం డబ్బా తిరిగి ఇవ్వక్కర్లేదని మీ ఆంటీ రాయమంది. కానీ అది మంచి డబ్బా.

ఫిబ్రవరి 6

అంకుల్ గారికి ధాత్రి నమస్కారాలు.

పాయసం చాలా బాగుంది. ఎందుకు చేశారో చదివాక మాత్రం గొంతు దిగలేదు.

మా దగ్గర రెండు కొలతలున్నాయండీ. మీ చెయ్యి నేను చాపి, వంచి బిగుతు చూస్తాను కదా, అందులో సున్నా వస్తే పండగే. మీకొచ్చింది ఆ సున్నా కాదు. ఎడమచేత్తో కప్పు తీసి నా అరచేతిలో పెట్టే పరీక్షలో వచ్చింది. అంటే కప్పు వదల్లేకపోయారని. నిజానికి మీ బిగుతు మూడు నుంచి రెండుకి దిగింది. మరి వేళ్లు ఎందుకు వదలట్లేదో నాకు అంతు చిక్కట్లేదు. దయచేసి ఈసారి కప్పుని కుడిచేతిలోకి మార్చుకోకండి.

ఆవలింత సంగతి నిజమే, మా పుస్తకాల్లో ఉంది. అసలు ఆవలింత మన మాట విని రాదు కదా, అందుకే దొంగది పనిచెయ్యదు.

మీ చేతి మీద ఆశ వదలని,
ధాత్రి

తా.క.: ఆవలిస్తే పేగులు లెక్కపెట్టేవాళ్లని చూశాను. వేళ్లు లెక్కపెట్టింది మీరే.

ఫిబ్రవరి 13

చిరంజీవి ధాత్రికి,

వదల్లేకపోయానా? నిన్న వేడినీళ్ల తువ్వాలు చుట్టి, వేళ్లు సాగదీసి, మిషన్ పెట్టాక, ఎడమచేత్తో పదకొండు సార్లు కప్పు తీసి వంటగట్టు మీద పెట్టాను. సాక్షి మీ ఆంటీ. నీ దగ్గర ఎందుకు వదల్లేదో నీకు తెలిసే ఉంటుంది. తెలుగుపిల్లవి, నా చేత చెప్పించకు.

ఇట్లు,
పదకొండు కప్పుల కాశీవిశ్వనాథం

తా.క.: పన్నెండోది పగిలింది. దాన్ని డైరీలో ఎక్కించకు.

ఫిబ్రవరి 18

అంకుల్ గారికి,

మీరు సూచించింది అర్థమైంది. కేకలేస్తే చెయ్యి బిగుస్తుందని ముందే రాశారు. నా గొంతు పెద్దదని మా అమ్మ కూడా అంటుంది. క్షమించండి. అందుకే నిన్న లైట్లు తగ్గించి, గుసగుసగా మాట్లాడాను. అయినా కప్పుని ఎన్నడూ లేనంత గట్టిగా పట్టుకున్నారు. మళ్లీ సున్నా.

ఇంట్లో పదకొండు, ఇక్కడ సున్నా అంటే మా డాక్టర్ నమ్మట్లేదు. వచ్చే మంగళవారమూ ఇంతే అయితే ఈ వైద్యం ఆపేసి, కండరాల బిగుతు వదిలించే బొటాక్స్ ఇంజెక్షన్‌కి పంపిస్తామన్నారు. అది చెడ్డదేం కాదు, కానీ మీకు ఇష్టం లేదని తెలుసు. అసలు సంగతి చెప్పండి, ప్లీజ్.

గుసగుసగా,
ధాత్రి

తా.క.: ఆంటీ గారి కేకలు కూడా తగ్గించమని చెప్పగలరా?

ఫిబ్రవరి 21

అమ్మా ధాత్రీ,

గుసగుసలు నా కోసమా! నీకు గొంతు పోయిందనుకుని మీ ఆంటీ మిరియాల చారు కాచింది.

సూదంటే నాకు భయం. కాబట్టి సిగ్గు విడిచి రాస్తున్నా. కప్పు నీ అరచేతి దాకా వచ్చింది. వేళ్లు విచ్చుకోబోయాయి కూడా. నేనే బలవంతాన బిగించాను. ఎడమచేత్తో ఆడపిల్లకి, అందులోనూ నాకు వైద్యం చేస్తున్న పిల్లకి, కప్పు ఎలా అందిస్తాను? మా అమ్మ ఉంటే వీపు విమానం మోత మోగించేది. డెబ్బై మూడేళ్లలో ఎవరికీ ఎడమచేత్తో ఏదీ ఇవ్వలేదు. కుడిచేతిలోకి మార్చుకుని ఇద్దామంటే వద్దంటివి. పరీక్షప్పుడు మాట్లాడకూడదంటివి. ఇంక ఏం చెయ్యను?

ఇట్లు,
ఇరకాటంలో పడ్డ కాశీవిశ్వనాథం

తా.క.: ఆ ఇంజెక్షన్ ముఖంలో ముడతలకీ వేస్తారని రూప చెప్పింది. నాకు వేయగా కాస్త మిగులుతుందా అని మీ ఆంటీ అడుగుతోంది.

ఫిబ్రవరి 25

అంకుల్ గారికి,

మీ ఉత్తరం చదివి తల పట్టుకున్నాను. మాది ఖమ్మం. ఎడమచేత్తో గ్లాసందిస్తే మా నాయనమ్మ నీళ్లు ముట్టేది కాదు. ఈ దేశం వచ్చి నాలుగేళ్లు కారు కిటికీలోంచి ఎడమచేత్తో కాఫీ అందుకునేసరికి, ఆ మాటే మర్చిపోయాను.

నిన్న కప్పు నా చేతిలో కాకుండా టేబుల్ మీద పెట్టమన్నాను కదా, పదిసార్లకి తొమ్మిది సార్లు పెట్టారు. పదోసారి మనిద్దరం నవ్వుతున్నాం, అది లెక్కలోకి రాదని డాక్టరే అన్నారు. ఇంజెక్షన్ మాట ఆయనే కొట్టేశారు. మీ వైద్యం ఇంకో మూడు నెలలు సాగుతుంది.

తర్వాత భయమేసి పాత కాగితాలు తీశాను. ఎడమచెయ్యి బిగుసుకున్న మనవైపు పెద్దవాళ్లు ఇంకా ఐదుగురున్నారు. ఐదుగురికీ నేనే పరీక్ష పెట్టాను. ఐదుగురికీ సున్నాలే. రాత్రి నిద్రపట్టలేదు అంకుల్.

మీకు రుణపడ్డ,
ధాత్రి

తా.క.: వాళ్లలో ఒక పెద్దాయన సార్నియా నుంచి రెండు గంటలు కారులో వస్తారు. సున్నా వచ్చిందని ఆయనకి రాసిన ఇంజెక్షన్ రేపే. పొద్దున ఫోన్ చేసి, ఎడమచేత్తో కప్పు తీసి టేబుల్ మీద పెట్టగలరా అని అడిగాను. ఫోన్ పక్కన పెట్టి వెళ్లారు. గిన్నెల చప్పుడు వినిపించింది. తిరిగొచ్చి, “నాలుగు కప్పులు, ఒక చెంబు పెట్టిన బిడ్డా. ఈ మాట ఎప్పుడడుగుతవా అని రెండు నెలల సంది చూస్తున్న” అన్నారు.