ప్రసాదుతో తిరిగిన ఊళ్లు

సుగుణా,

నువ్వు పోయి ఈ రోజుకి ఏడాది. నీ దగ్గర ఐదో తరగతి చదువుకున్న ప్రసాదు ఈసారి ఎమ్మెల్యే ఎన్నికల్లో ఇండిపెండెంటుగా నిలబడ్డాడు. లంచం తీసుకోను, ఎవర్నీ తీసుకోనివ్వను అన్నదొక్కటే అతని ప్రచారం. గొడవంటే ఆమడ దూరం పారిపోయే నేను, భీమవరం చుట్టుపక్కల ఊళ్లన్నీ అతనితో తిరిగాను. చెబితే నువ్వు నమ్మేదానివి కాదు.

ఒక ఊళ్లో రొయ్యల చెరువు గట్టు మీద ఒక రైతు మాకు మంచినీళ్లిచ్చి, నన్ను పక్కకు పిలిచాడు.

"ప్రసాదుగారు నిజాయితీపరుడేనండి బాబాయిగారూ. నా భయం కూడా అదేనండి. రేపు చెరువు పర్మిషన్ ఆగిపోతే, ఆఫీసులో నా తరఫున ఎవరు మాట్లాడతారండి?"

పిల్లల మధ్యాహ్న భోజనానికి పురుగుల బియ్యం వస్తున్నాయని నువ్వు ఫిర్యాదు రాసినప్పుడు, రేపు నీ ఉద్యోగానికేమైనా అయితే మన తరఫున ఎవరు మాట్లాడతారని నేనూ ఇలాగే భయపడి నీచేత దాన్ని వెనక్కి తీయించాను. ఆ తర్వాత నువ్వు బడి సంగతులు నాతో చెప్పడం మానేశావు. ఎందుకని నేనూ అడగలేదు.

ప్రసాదు ఓడిపోయాడు. డిపాజిట్ కూడా దక్కలేదు. నిన్న సాయంత్రం మనింటికి వచ్చి, నీ ఫోటో ఎదురుగా చాలాసేపు కూర్చున్నాడు.

"టీచరుగారుంటే ఏమనేవారండి?" అని అడిగాడు.

"మళ్లీ నిలబడమనేది. నేనూ అదే అంటున్నాను" అన్నాను.

అతను కళ్లు తుడుచుకుని వెళ్లిపోయాడు. ఆ మాట నీతో అనాల్సిన రోజున అనలేకపోయాను, సుగుణా.